చెట్టు నాది, జింక నాది కాదు: పెన్సిల్వేనియా అడవి నూరేళ్ళ లెక్క

ఈ రోజు ఎపిసోడ్ ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడతాను. మీకు డెబ్బై ఎకరాల సొంత అడవి ఉందనుకోండి. కాగితాలన్నీ మీ పేరు మీదే. అందులో జింకలు బాగా ఉండాలని మీ కోరిక. అప్పుడు మీరు చెట్లు పెంచాలా, కొట్టాలా?

నాలుగేళ్ళ కిందట నన్ను అడిగితే ఆలోచించకుండా "పెంచాలి" అనేవాణ్ణి. అడవి ఉంటేనే కదా జింక ఉండేది! కానీ సరైన జవాబు "కొట్టాలి". అయితే కథ అక్కడ ఆగదు. కొట్టినవాడికి ముప్పై, నలభై ఏళ్ళ తర్వాత ఇంకో బిల్లు వస్తుంది. ఆ బిల్లు ఎవరు కట్టాలి అనే దాని మీద అమెరికాలో పెన్సిల్వేనియా అనే రాష్ట్రం నూరేళ్ళుగా కొట్లాడుకుంటోంది. ఈ రోజు మన కథ అదే.

ముందు ఇది నా దాకా ఎలా వచ్చిందో చెప్పాలి. ఈ వీడియోలకు ముందు నేను సాఫ్ట్‌వేర్‌లో ఉండేవాణ్ణని మీలో చాలామందికి తెలుసు. బీటెక్ అయ్యాక మూడేళ్ళు హైదరాబాద్‌లో కోడ్ రాశాను, తర్వాత ఎనిమిది నెలలు ఆన్‌సైట్ మీద పిట్స్‌బర్గ్ వెళ్ళాను. పిట్స్‌బర్గ్ అనగానే మనవాళ్ళకు పెన్ హిల్స్‌లో ఉన్న వెంకటేశ్వర స్వామి గుడి గుర్తొస్తుంది. అక్కడ చీకటి పడ్డాక కారు నడిపిన ప్రతి తెలుగువాడికీ ఇంకోటి కూడా గుర్తుంటుంది. రోడ్డుకి అడ్డంగా నిలబడి హెడ్‌లైట్ల వంక చూసే జింక. మా రూమ్మేట్ కారుకి ఒకటి తగిలింది. మనిషికి ఏమీ కాలేదు, కారు ముందు భాగం పోయింది, జింక పోయింది. ఆ రాత్రి మేం ఇద్దరం అన్నం తినలేకపోయాం.

సోమవారం ఆఫీసులో ఈ సంగతి చెబితే క్లయింట్ వైపు మేనేజర్, యాభై దాటిన మనిషి, "శనివారం ఖాళీయేనా? నీకు ఒకటి చూపిస్తాను" అన్నాడు. ఊరికి ఉత్తరంగా రెండున్నర గంటలు కార్లో తీసుకెళ్ళాడు. అక్కడ ఆయనకి డెబ్బై ఎకరాల అడవి ఉంది. వాళ్ళ తాత కొన్నది.

చూడగానే నాకు మతిపోయింది. పైన పెద్ద పెద్ద చెట్లు. కింద నేలంతా మోకాలెత్తు పచ్చటి ఫెర్న్ ఆకులు, తివాచీ పరిచినట్టు. "ఎంత బాగుందండీ!" అన్నాను. ఆయన నవ్వలేదు. వంగి ఒక ఆకు తుంచి, నలిపి, వాసన చూడమన్నాడు. ఎండుగడ్డి వాసన. దాని పేరే హే సెంటెడ్ ఫెర్న్. "దీన్ని జింక ముట్టదు. అందుకే ఇది తప్ప ఇక్కడ ఇంకేం మిగల్లేదు" అన్నాడు.

కొంచెం ముందుకెళ్తే ఒక కంచె. ఎనిమిది అడుగుల ఎత్తు, ఎకరం చుట్టూ. లోపల మనిషి దూరడానికి సందు లేదు. నా తలకంటే ఎత్తుగా ఓక్ మొక్కలు, చెర్రీ మొక్కలు, ముళ్ళ పొదలు, వాటి కింద మూడు రేకుల తెల్ల పూలు. కంచెకి ఇవతల మళ్ళీ అదే ఫెర్న్ తివాచీ. "ఇటూ అటూ ఒకే వారంలో చెట్లు కొట్టించాను, పన్నెండేళ్ళ కిందట. కంచె మాత్రం ఒకవైపే వేయగలిగాను. డబ్బు అంతే ఉంది" అన్నాడు ఆయన.

ఒకే నేల. ఒకే వాన. తేడా ఒక్కటే, జింక నోరు.

అప్పుడు ఆయన అన్న మాటే ఈ ఎపిసోడ్ పేరు. "చెట్టు నాది. జింక నాది కాదు. గొడవంతా అక్కడే." ఆ మాటకి అర్థం తెలియడానికి నాకు చాలా రోజులు పట్టింది. ఇప్పుడు మీకు అరగంటలో చెప్పే ప్రయత్నం చేస్తాను.

సరే. ముందు "కొట్టాలి" అని ఎందుకన్నానో చూద్దాం. అక్కడి జింక పేరు తెల్లతోక జింక. పరిగెత్తేటప్పుడు తోక పైకెత్తితే కింద తెల్లగా కనిపిస్తుంది, అందుకని ఆ పేరు. దాని నోరు అందేది నేల నుంచి ఐదారు అడుగుల వరకే. ముదిరిన అడవిలో తిండి అంతా ఎక్కడుంటుంది? అరవై, డెబ్బై అడుగుల పైన. కింద నీడ. నీడలో లేత మొక్క లేవదు. అంటే మనకి గొప్ప అడవిలా కనిపించేది జింకకి ఖాళీ వంటగది.

ఇప్పుడు అందులో కొన్ని చెట్లు కొట్టండి. ఎండ నేల మీద పడుతుంది. విత్తనాలు మొలుస్తాయి. ఓక్, మేపుల్ లాంటి చెట్ల మోడుల నుంచి పిలకలు వస్తాయి. ఇది మన ప్రకాశం జిల్లా రైతుకో, ఖమ్మం రైతుకో నేను చెప్పక్కర్లేదు. జామాయిల్, సుబాబుల్ కొట్టాక మోడు నుంచి మళ్ళీ తోట లేవడం వాళ్ళు రోజూ చూసేదే. ఆ పిలకలు జింక నోటికి సరిగ్గా అందే ఎత్తులో ఉంటాయి. సుమారు పదేళ్ళ పాటు ఆ చోటు జింకకి పండగే. తర్వాత చెట్లు పైకి లేచి, మళ్ళీ నీడ కమ్ముకుని, పండగ అయిపోతుంది.

ఈ పదేళ్ళ పండగ డెబ్బై ఎకరాల్లో కాదు, ఒక రాష్ట్రం సగం మేర ఒకేసారి వస్తే ఏమవుతుంది? పెన్సిల్వేనియాలో అదే జరిగింది.

అసలు ఆ పేరులోనే అడవి ఉంది. పెన్సిల్వేనియా అంటే పెన్ గారి అడవి. 1681లో ఇంగ్లండ్ రాజు ఈ ప్రాంతాన్ని విలియం పెన్‌కి రాసిచ్చాడు. అదే ఏడాది పెన్ వలస వచ్చేవాళ్ళకి ఒక షరతు పెట్టాడు. ఐదెకరాలు నరికితే ఒక ఎకరం చెట్లతో వదిలెయ్యాలి. మంచి షరతు. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

తర్వాత రెండు వందల ఏళ్ళలో వంతులవారీగా అడవి వెళ్ళిపోయింది. మొదట తెల్ల పైన్ చెట్లు. వాటి దుంగలు నదిలో తేలుతూ విలియమ్స్‌పోర్ట్ అనే ఊరికి చేరేవి. 19వ శతాబ్దం రెండో సగంలో ఆ ఊరు ప్రపంచ కలప రాజధాని అని చెప్పుకునేది. పైన్ అయ్యాక హెమ్లాక్ వంతు. హెమ్లాక్‌ని మొదట్లో కలప కోసం కాదు, బెరడు కోసం కొట్టేవాళ్ళు. తోలు ఊనడానికి ఆ బెరడు కావాలి, మన దగ్గర తంగేడు చెక్క వాడినట్టు. బెరడు ఒలుచుకుని, మాను అడవిలోనే కుళ్ళిపోవడానికి వదిలేసిన రోజులున్నాయి.

ఆ తర్వాత రైలు వచ్చింది. సుమారు 1890 నుంచి 1930 లోపు ఎక్కువ కొండలు ఖాళీ అయ్యాయి. నది దగ్గర లేని లోయల్లోకి కూడా చిన్న రైలు పట్టాలు వేసి దుంగలు లాగేశారు. చివర్లో కెమికల్ వుడ్ ఫ్యాక్టరీలు. కట్టెని బట్టీలో కాల్చి ఉడ్ ఆల్కహాల్, ఎసిటేట్, బొగ్గు తీసేవి. వాటికి పెద్ద మాను అక్కర్లేదు, చేతికి దొరికిన కర్ర చాలు. అంటే మిగిలిన చిన్న చెట్లు కూడా పోయాయి. 1923లో ఆ ప్రాంతంలో అలెఘెనీ నేషనల్ ఫారెస్ట్ పెట్టినప్పుడు జనం దానికి పెట్టిన ముద్దుపేరు "అలెఘెనీ పొదల మడి". అడవి అని పిలవడానికి అక్కడ చెట్లే లేవు మరి.

జింక సంగతి? అది ఇంకా ముందే పోయింది. మాంసం కోసం, తోలు కోసం, మార్కెట్‌లో అమ్మకం కోసం ఏడాది పొడుగునా వేట. అమెరికా మొత్తం మీద ఒకప్పుడు కోట్లలో ఉన్న తెల్లతోక జింకలు 1900 నాటికి ఐదు లక్షల లోపుకి పడిపోయాయని అంచనా. పెన్సిల్వేనియాలో చాలా జిల్లాల్లో జింక అడుగు కనిపించడమే విశేషం అయిపోయింది. తోడేలు, కొండ సింహం కూడా ఆ శతాబ్దం ముగిసేసరికి అక్కడ లేకుండా పోయాయి. ఈ చివరి ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్ళీ పనికొస్తుంది.

ఇప్పుడు ప్రభుత్వం మేలుకుంది. 1895లో రాష్ట్రం గేమ్ కమిషన్ ఏర్పాటు చేసింది. 1900లో దొంగ వేట మాంసాన్ని ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి తరలించడాన్ని నిషేధిస్తూ లేసీ చట్టం వచ్చింది. 1906 నుంచి మిషిగన్ లాంటి బయటి రాష్ట్రాల జింకల్ని తెచ్చి అడవిలో వదలడం మొదలైంది. 1907లో అన్నిటికంటే పెద్ద చట్టం. కొమ్ములున్న మగ జింకని మాత్రమే వేటాడాలి, ఆడదాన్ని ముట్టుకోకూడదు.

ఒక్కసారి ఆలోచించండి. ఆడ జింకల్ని ఎవరూ చంపరు. తోడేలు లేదు, కొండ సింహం లేదు. పైగా రాష్ట్రం సగం నరికిన నేల, మోకాలెత్తు పిలకలు, ఎటు చూసినా తిండి. ఏమవుతుంది? ఇరవై ఏళ్ళు తిరక్కుండా జింకలు విరగబడ్డాయి. ప్రపంచంలో వన్యప్రాణి రక్షణ ఇంత వేగంగా గెలిచిన సందర్భాలు చాలా తక్కువ. ఈ గెలుపుని తక్కువ చేసి మాట్లాడే ఉద్దేశం నాకు లేదు. ఆ చట్టాలు లేకపోతే ఈ రోజు అక్కడ జింకే ఉండేది కాదు.

కానీ మేం కోడ్ రాసేటప్పుడు ఒక రకం బగ్‌కి బాగా భయపడేవాళ్ళం. తప్పు ఈ రోజు చేస్తే ఫలితం మూడు నెలల తర్వాత కనిపించేది. అప్పటికి ఎవరు ఏం మార్చారో ఎవరికీ గుర్తుండదు. పెన్సిల్వేనియాలో ఆ ఆలస్యం నెలలు కాదు, దశాబ్దాలు. 1920ల చివరికి నరికిన నేలలో చెట్లు మళ్ళీ లేచాయి. నీడ కమ్మింది. పండగ అయిపోయింది. అతిథులు మాత్రం వెళ్ళలేదు. చలికాలంలో జింకలు ఆకలికి చావడం మొదలైంది. ఆకలితో ఉన్న జింక కొత్తగా మొలిచిన ప్రతి మొక్కనీ నేలమట్టంలోనే కొరికేసింది.

కమిషన్‌కి ఇది అర్థమైంది. 1928లో రాష్ట్రమంతటా ఆడ జింకల వేటకి సీజన్ తెరిచారు. వేటగాళ్ళు భగ్గుమన్నారు. ఎందుకు అనరు? ఇరవై ఏళ్ళుగా వాళ్ళకి నేర్పిందేంటి? "ఆడ జింకని చంపేవాడు మనిషే కాదు" అని. తండ్రి కొడుక్కి అదే చెప్పాడు. ఇప్పుడు అదే ఆఫీసు వచ్చి, చంపండి అంటే ఎలా నమ్ముతారు? నాకు ఈ కథలో ఆ వేటగాళ్ళ మీద కోపం రాదు. ఒక మంచి నియమం, దాని పని అయిపోయాక కూడా, నీతిగా మారిపోయి మనలో మిగిలిపోతుంది. మన ఇళ్ళల్లో అలాంటివి ఎన్ని లేవు!

ఇక్కడ ఇంకో మనిషిని పరిచయం చేయాలి. ఆల్డో లియోపోల్డ్. 1887లో అయోవాలో పుట్టాడు. యేల్ ఫారెస్ట్ స్కూల్లో చదువుకున్నాడు. ఆ స్కూల్ పెట్టడానికి డబ్బిచ్చింది పించో కుటుంబం. ఆ ఇంటి కొడుకు గిఫర్డ్ పించో తర్వాత ఇదే పెన్సిల్వేనియాకి రెండుసార్లు గవర్నర్. లియోపోల్డ్ 1933లో "గేమ్ మేనేజ్‌మెంట్" అనే పాఠ్యపుస్తకం రాశాడు. అందులో అసలు ఆలోచన చాలా సూటిగా ఉంటుంది. గొడ్డలి, నాగలి, ఆవు, నిప్పు, తుపాకి. వన్యప్రాణుల్ని నాశనం చేసింది ఈ ఐదే, తెలివిగా వాడితే తిరిగి తెచ్చేవి కూడా ఈ ఐదే అంటాడు. సొంత అడవిలో జింక కోసం చెట్టు కొట్టడం అనే పద్ధతికి పునాది ఈ ఆలోచనలోనే ఉంది.

1935లో లియోపోల్డ్ జర్మనీ వెళ్ళాడు. అక్కడ వరసలు తీర్చి నాటిన స్ప్రూస్ తోటలు, చలికాలంలో జింకలకి మేత పెట్టే తొట్లు చూశాడు. మేత పెడితే జింక బతికింది, కానీ అడుగున మొక్క అన్నదే లేకుండా పోయింది. మొక్క నాటితే కంచె వేయాల్సిందే. అది చూసి ఆయన బెంగపడి వచ్చాడు. అదే ఏడాది విస్కాన్సిన్‌లో ఒక పాడుబడ్డ పొలం కొని, కోళ్ళ గూడుని పాకగా మార్చి, కుటుంబంతో వేల పైన్ మొక్కలు నాటాడు. అంటే ఆయన కూడా ఒక చిన్న రైతే, సొంత నేల ఉన్నవాడే.

1943లో విస్కాన్సిన్‌లో జింకలు ఎక్కువై అడవి తినేస్తుంటే, కమిషన్‌లో సభ్యుడిగా లియోపోల్డ్ ఆడ జింకల వేటని సమర్థించాడు. ఆ సీజన్‌లో లక్షకు పైగా జింకలు పోయాయి. జనం దానికి "నలభై మూడు నేరం" అని పేరు పెట్టారు. ఆయన్ని తిడుతూ ప్రత్యేకంగా ఒక పత్రికే నడిచింది. 1948లో పక్కవాళ్ళ పొలంలో గడ్డి మంట ఆర్పుతూ గుండెపోటుతో చనిపోయేవరకు ఆ తిట్లు ఆగలేదు. ఈ రోజు అమెరికాలో పర్యావరణం చదివే ప్రతివాడూ ఆయన పేరు గౌరవంగా తలుస్తాడు. బతికున్నప్పుడు ఆయన సొంత రాష్ట్రంలో జింకల హంతకుడు.

మళ్ళీ పెన్సిల్వేనియాకి వద్దాం. ఇది అభిప్రాయాల గొడవేనా, లేక లెక్క తేలేదేనా? తేల్చడానికి 1979 నుంచి పదేళ్ళు అమెరికా ఫారెస్ట్ సర్వీస్ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం చేశారు. రాష్ట్రం వాయవ్య మూలలో నాలుగు చోట్ల కంచెలు కట్టి, లోపల లెక్కపెట్టి జింకల్ని పెట్టారు. చదరపు మైలుకి 10, 20, 40, 80 చొప్పున. ప్రతి కంచెలో అడవిని ఒకేలా సిద్ధం చేశారు. పది శాతం పూర్తిగా నరికారు, ముప్పై శాతం పలచన చేశారు, అరవై శాతం ముట్టుకోలేదు.

ఫలితం? చదరపు మైలుకి ఇరవై దాటేసరికి మొక్కల రకాలు తగ్గడం, ఎత్తు తగ్గడం కనిపించింది. సంఖ్య పెరిగేకొద్దీ జింకకి నచ్చని బ్లాక్ చెర్రీ, ఫెర్న్ మిగిలి, నచ్చినవన్నీ పోయాయి. పక్షుల మీద కూడా దెబ్బ పడింది. మధ్య ఎత్తులో గూడు కట్టే పాట పిట్టల రకాలు, తక్కువ జింకలున్న చోటితో పోలిస్తే ఎక్కువున్న చోట 27 శాతం తగ్గాయి. జింక పిట్టని ముట్టుకోలేదు. గూడు కట్టే కొమ్మనే తినేసింది.

అదే ప్రాంతంలో ఇంకో సాక్ష్యం ఉంది, దానికి ఏ కంచే అక్కర్లేదు. అడవిలో అక్కడక్కడ ఇల్లంత బండరాళ్ళు ఉంటాయి. వాటి తలమీద, జింక ఎక్కలేని చోట, చిన్న చిన్న అడవి పూలు, హెమ్లాక్ పిల్లలు బతికి ఉన్నాయి. కింద నేల మీద అవి లేవు. పాత అడవి బండ మీద దాక్కుంది అన్నమాట.

ఇప్పుడు నేను దీన్ని ఒక భిన్నంలా చూస్తాను. పైన తిండి, కింద నోళ్ళు. గొడ్డలి పై అంకెని పెంచుతుంది, అదీ పదేళ్ళకే. కింద అంకెని ఎవరూ పట్టించుకోకపోతే, పెరిగిన తిండే కొత్త నోళ్ళుగా మారుతుంది. పదేళ్ళ తర్వాత తిండి పోతుంది, నోళ్ళు ఉంటాయి. అప్పుడు ఇంకో నాలుగెకరాలు కొడతారు. అక్కడ మొక్క లేచేలోపే తినేస్తాయి. ఈసారి మిగిలేది ఫెర్న్. ఆ ఫెర్న్ ఒకసారి నేలని కప్పేస్తే జింకలు తగ్గినా సరే, దాని నీడలో విత్తనం లేవదు. మందు కొట్టి తీయాల్సిందే.

మరి భూమి యజమాని కింద అంకెని ఎందుకు మార్చలేడు? ఇక్కడే మా మేనేజర్ మాట. ఇంగ్లండ్‌లో అడవి జింక రాజుగారిది, జమీందారుది. సామాన్యుడు ముట్టుకుంటే శిక్ష. అమెరికా వచ్చినవాళ్ళు ఆ పద్ధతి వద్దనుకున్నారు. అడవి జంతువు ఏ ఒక్కడి సొత్తూ కాదు, అందరి తరఫున రాష్ట్రం కాపలా ఉంటుంది అన్నారు. 1896లో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. ఆ తీర్పుని 1979లో కోర్టే పక్కన పెట్టింది గానీ, వేట నియమాలు రాష్ట్రం పెట్టే పద్ధతి అలాగే ఉంది. నాకు ఆ సూత్రం నచ్చుతుంది. కానీ దాని ధర చూడండి. పెన్సిల్వేనియా అడవిలో దాదాపు డెబ్బై శాతం ప్రైవేటు మనుషులది, ఎక్కువగా చిన్న కుటుంబాలది. చెట్టు వాళ్ళది. దాన్ని తినే జింక పదమూడు మిలియన్ల జనానిది. ఎన్ని ఉండాలో తేల్చేది కమిషన్. కమిషన్‌కి లైసెన్సు డబ్బు కట్టేది వేటగాళ్ళు. వేటగాడికి ఎక్కువ జింకలు కనిపించాలి.

1999లో గ్యారీ ఆల్ట్ అనే శాస్త్రవేత్తకి జింకల బాధ్యత అప్పగించారు. అంతకుముందు ఎలుగుబంట్ల మీద పనిచేసి జనానికి బాగా ఇష్టమైనవాడు. ఆయన రాష్ట్రమంతా ఊరూరా తిరిగి స్లైడ్లు వేసి చూపించాడు. ఆడ జింకల వేట పెంచాడు, చిన్న కొమ్ముల మగ జింకల్ని వదిలేయాలన్నాడు. కొన్ని సభలకి బుల్లెట్ ప్రూఫ్ జాకెట్ వేసుకుని వెళ్ళాల్సి వచ్చింది. 2004 చివర్లో రాజీనామా చేశాడు. కానీ ఆ రోజుల్లోనే, 2003లో, ఒక చిన్న తలుపు తెరుచుకుంది. డీమ్యాప్ అనే పథకం. భూమి యజమాని తన అడవికి నష్టం జరుగుతోందని దరఖాస్తు పెడితే, తన నేలకి మాత్రమే చెల్లే అదనపు ఆడ జింక పర్మిట్లు వస్తాయి. వాటిని వేటగాళ్ళకి పంచుకోవచ్చు. జింక ఇప్పటికీ అతనిది కాదు. కానీ లెక్కలో అతనికి ఒక మాట దొరికింది.

సరే, ఆ శనివారానికి వెళ్దాం. మా మేనేజర్ చెప్పిన ఇంటి కథ ఇది. 1980ల్లో వాళ్ళ నాన్న కలప వ్యాపారిని పిలిచాడు. ఇన్ని అంగుళాల లావు దాటిన చెట్టల్లా కొట్టెయ్యి అన్నాడు. మంచి ఓక్, మంచి చెర్రీ అన్నీ పోయాయి. వంకర చెట్లు, జబ్బు చెట్లు మిగిలాయి. అక్కడ దీన్ని హై గ్రేడింగ్ అంటారు. మేలు రకం వడ్లు అమ్మేసి తాలు విత్తనానికి దాచుకోవడం లాంటిది. ఆ డబ్బుతోనే ఈయన కాలేజీ చదివాడు. "నాన్నని తప్పు పట్టలేను, ఆ ఓక్ చెట్లే నా డిగ్రీ" అన్నాడు. ఆ తర్వాత కొన్నేళ్ళు జింకలు బాగా వచ్చాయట, నాన్న చాలా సంతోషపడ్డాడట. తర్వాత ఈ ఫెర్న్.

మరి సరిగ్గా చేయడం అంటే ఏంటి? ఆయన నాకు నడుస్తూ చూపించాడు. ముందు పనికిరాని చెట్లు కొట్టాలి, మంచివి కాదు. బాగా కాయలు కాసే ఓక్ చుట్టూ పోటీ చెట్లు తీసేస్తే దాని తల విచ్చుకుని ఇంకా కాస్తుంది. గత శతాబ్దం మొదట్లో తెగులు వచ్చి చెస్ట్‌నట్ చెట్లన్నీ పోయాక, శీతాకాలం ముందు జింకకి కొవ్వు పట్టించేది ఓక్ కాయలే. మంచు పడినప్పుడు తలదాచుకోవడానికి హెమ్లాక్ గుంపు వదలాలి. ఒకేసారి అంతా కాదు, కొన్నేళ్ళకి ఒక ముక్క చొప్పున కొట్టాలి, అప్పుడు ఎప్పుడూ ఎక్కడో ఒకచోట లేత తిండి ఉంటుంది. నరికిన కొమ్మల్ని ఊడ్చెయ్యకుండా గజిబిజిగా వదిలితే, వాటి మధ్య మొలిచిన మొక్కకి అదే కంచె. వీటన్నిటికంటే ముందు, నేల మీద ఏం మొలుస్తోందో చూడాలి. ఏమీ మొలవకపోతే గొడ్డలి పక్కన పెట్టాలి.

నేను అప్పుడు ఆయన్ని అడిగాను. "మీరు జింకల్ని చంపుతారా?" మా ఇంట్లో మాంసం వండరు. నా గొంతులో ఏదో వినిపించి ఉంటుంది. ఆయన కొంచెంసేపు మాట్లాడలేదు. తర్వాత, "మొన్న మీ కారు ఒకదాన్ని చంపింది. చలికాలం ఆకలి కొన్నిటిని చంపుతుంది. ఈ కంచె బయట పుట్టని చెట్లని ఎవరూ లెక్కపెట్టరు. నేను చంపకపోతే చావు ఆగదు, నేను చూడకుండా ఉంటాను, అంతే" అన్నాడు.

నాకు జవాబు దొరకలేదు. నిజం చెప్పాలంటే ఇప్పటికీ పూర్తిగా దొరకలేదు. నేను తుపాకి పట్టుకోలేను. కానీ "పాపం జింక" అని ఊరికే అనడం కూడా అప్పటి నుంచి మానేశాను. ఆ పాపంలో కొమ్మ మీద గూడు లేని పిట్ట కూడా ఉందని తెలిసిపోయింది కాబట్టి.

కిందటి నెల ఆయన మెయిల్ పెట్టాడు. కొడుకు కాలేజీకి వచ్చాడు. కలప వ్యాపారి మళ్ళీ వచ్చి, మిగిలిన పెద్ద చెర్రీ, ఓక్ చెట్లకి మంచి ధర చెప్పాడు. నలభై ఏళ్ళ కిందట నాన్న ముందున్న కాగితమే ఇప్పుడు ఈయన ముందుంది. సంతకం పెడితే ఫీజు మొత్తం వస్తుంది. ఆయన పెట్టలేదు. ఒక ఫారెస్టర్‌ని పిలిచి వంకర చెట్లు మాత్రం గుర్తులు పెట్టించాడు. దాంతో వచ్చేది ఫీజులో ఒక ముక్కే, మిగతాది అప్పు. డీమ్యాప్‌కి దరఖాస్తు పెట్టాడు. పక్క నేలల వాళ్ళతో మాట్లాడుతున్నాడు, ఎందుకంటే డెబ్బై ఎకరాల హద్దు జింకకి తెలియదు. ఇద్దరు ఒప్పుకున్నారు, ఒకాయన తలుపు వేసేశాడట. ఇది ఫలిస్తుందో లేదో తేలడానికి ఇంకో పదేళ్ళు.

చివరిగా ఒక మాట, ముఖ్యంగా మనవాళ్ళకి. దీన్ని తెచ్చి మన దగ్గర అతికించవద్దు. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు కృష్ణజింక, తెలంగాణది చుక్కల జింక. 1972 చట్టం కింద మనకి వేట లేదు, మన నేల వేరు, మన దగ్గర చిరుతలు, అడవి కుక్కలు ఇంకా ఉన్నాయి. కానీ నారాయణపేట వైపు కృష్ణజింకలు మందలుగా వచ్చి పంట మేసేస్తుంటే రైతు కూడా ఇదే మాట అంటున్నాడు. "పొలం నాది, జింక నాది కాదు." అందరి సొత్తు అయిన జంతువుకి మేత పెట్టేది ఒక్కడైతే, ఆ ఒక్కడి మాట ఎవరు వినాలి? పెన్సిల్వేనియా దీనికి నూరేళ్ళు తీసుకుని ఒక చిన్న తలుపు తెరిచింది. మనం ఎంత సమయం తీసుకుంటాం?

మీ పొలాల దగ్గర జింకలు, అడవి పందులు, నెమళ్ళు ఎలా ఉన్నాయో కామెంట్స్‌లో రాయండి. నేను నిజంగా చదువుతాను. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.